నాలుగు కిలోల బొటనవేలు

మా వదిన యూనిఫారాలు కుడుతుంది. స్కూలు పిల్లలవి, నర్సులవి, బ్యాంకు గుమ్మాల్లో నిలబడే గార్డులవి. బస్టాపు ఎదురుగా ఆరు మెట్లు కిందికి దిగితే మా కొట్టు. లోపల కూర్చుంటే కిటికీలోంచి జనం మోకాళ్ళ కింది భాగమే కనిపిస్తుంది. ఆ కాళ్ళు చూసి ఎవరి ప్యాంటు పొడుగు ఎంతో, దాన్ని కుట్టినవాళ్ళు ఎక్కడ పాడుచేశారో కూర్చున్న చోటినుంచే చెప్పేస్తుంది వదిన. కత్తిరింపు ఆమెది. కాజాలు, గుండీలు, ఇస్త్రీ నావి. మా అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఏ పూట ఏ అంతస్తులో వేలాడుతుంటాడో వాడు ఫోన్ చేస్తేనే మాకు తెలుస్తుంది. మేముండేది కొట్టు పైనే కాబట్టి అమ్మ ఇంట్లోనే ఉన్నా ఆమె గొంతు మాత్రం రోజంతా కొట్లోనే ఉంటుంది.

ఇది జరిగేనాటికి వదినకి నొప్పులు మొదలై మూడేళ్ళు దాటింది. మొదట మెడ పట్టేసింది. ఆస్పత్రి నుంచి మూడువందల జతల ఆర్డరు వచ్చిన నెల అది. అంతసేపు బల్లమీదికి వంగి కత్తిరిస్తే మెడ పట్టక ఏమవుతుంది అనుకున్నాం. ఆర్డరు అయిపోయింది, నొప్పి అయిపోలేదు. మెడ నుంచి భుజాలకి దిగింది. తర్వాత నడుముకి, తుంటికి, మోకాళ్ళకి, ఆఖరికి అరికాళ్ళకి. ఒక్క గది చాలని చెప్పి దిగిన చుట్టం మెల్లిగా ఇల్లంతా పరుచుకున్నట్టు.

ఎక్కడ నొప్పి అని అడిగితే, ఎక్కడ లేదో చెప్పడం తేలిక అనేది. పొద్దున్న లేవగానే మంచం అంచున కూర్చుని, "రాత్రంతా నన్నెవరో బకెట్లో నానబెట్టి, పిండి, దులిపి ఆరేశారే" అనేది. ఎనిమిది గంటలు పడుకుని కూడా ఎనిమిది మైళ్ళు నడిచి వచ్చినదానిలా ఉండేది. కొన్ని రోజులు మెడలో వేసుకున్న టేపు బరువు కూడా ఓర్చుకోలేకపోయేది. ఒకరోజు బ్యాంకు గార్డు చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. పదిహేడేళ్ళ పనిలో అలాంటి పొరపాటు లేదు. నేను చూసి నవ్వేశాను. తను నవ్వలేదు. ఆ రెండు ముక్కల్నీ బల్లమీద చాలాసేపు అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది.

పరీక్షలకేం లోటు లేదు. రక్తం నాలుగుసార్లు తీశారు. ఎక్స్‌రేలు, థైరాయిడ్, విటమిన్లు, సొరంగంలాంటి మిషన్లోకి తోసి తీసే స్కానింగు, అన్నీ అయ్యాయి. అన్నీ నార్మల్. కవరు విప్పి చదివిన ప్రతిసారీ అన్నయ్య గుండెమీద చెయ్యేసుకుని హమ్మయ్య అనేవాడు. వదిన మొహం మాత్రం పరీక్ష ఫలితాల్లో తన నంబరు కనిపించని పిల్ల మొహంలా అయ్యేది. ఏ జబ్బూ లేదని రాస్తే ఏడుపు మొహం పెడుతుందేమిటి ఈమె, అని అన్నయ్య నా దగ్గర వాపోయేవాడు. పైగా పేరులేని నొప్పికి అందరూ డాక్టర్లే. ఒకరు ఎండలో కూర్చోమన్నారు, ఇంకొకరు ఎండలో తిరగొద్దన్నారు. ఎదురుగా మందులషాపాయన, తలగడ మార్చి చూడమన్నాడు. వదిన మార్చింది. తలగడ కొత్తదయింది, మెడ పాతదే.

అమ్మ మాట మాత్రం ఒకటే. "ఎవరికి లేవమ్మా నొప్పులు?" అనేది. వదిన ఇంకా నోరు తెరవకముందే అనేది. కోపంగా కూడా కాదు, వానలో వెళితే తడవరా అని అడిగినంత మామూలుగా. వదిన పళ్ళు బిగించి మెట్లు దిగి కొట్లోకి వచ్చేసేది. వచ్చి, "మీ అమ్మకి నా నొప్పులంటే లెక్కే లేదు" అని నా ఇస్త్రీ పెట్టెతో చెప్పేది. నాతో చెబితే అమ్మకి చేరుతుందని భయం. నిజానికి చేరేది కూడా.

మా వీధి చివర డాక్టరుగారున్నారు. మంచాయనే. కసురుకోడు, నవ్వుతూ మాట్లాడతాడు, రిపోర్టులన్నీ ఓపిగ్గా చూస్తాడు. చూసి నార్మల్ అంటాడు. అందుకని ఆయనకి మేం నార్మల్‌గారు అని పేరు పెట్టుకున్నాం. నాలుగోసారి వెళ్ళినప్పుడు వదిన ఎక్కడ నొక్కినా ప్రాణం పోతోందండీ అని చెప్పింది. ఆయన లేచి వచ్చి, భుజం మీద మెడకి దగ్గరగా బొటనవేలితో నొక్కాడు. వదిన కుర్చీలోంచి సగం లేచిపోయింది. ఆయన చేతులు కడుక్కుంటూ చెప్పాడు.

"గట్టిగా నొక్కితే ఎవరికైనా నొప్పేనమ్మా. దాన్ని పట్టించుకుంటూ కూర్చుంటే ఇంకా పెరుగుతుంది. మనసు వేరేదానిమీద పెట్టండి."

ఇద్దరం నడుచుకుంటూ ఇంటికి వచ్చాం. వదిన కొట్టు తలుపు తీసి, లైటు వేసి, టేపు మెడలో వేసుకున్నాక నావైపు తిరిగింది.

"ఎవరికైనా అంటే ఎవరికే?"

అందరికీ అని అర్థం అన్నాను.

"ఎంతమందిని నొక్కి చూశాడాయన?"

వదిన అడిగింది నన్ను కాదని అర్థమైంది. ఎవరికైనా సరిపోతుందని అమ్మే చొక్కా ఎవరికీ సరిగ్గా సరిపోదని ఆమెకి పదిహేడేళ్ళుగా తెలుసు. కొలత తీయకుండా ఎవరికైనా అనే మాట వాడటం ఆమె వృత్తిలో తప్పు. నొప్పి కంటే ఆ తప్పే ఎక్కువ సలిపినట్టుంది. మనసు వేరేదానిమీద పెట్టమన్నాడు కదా, సరే పెడతాను అంది. పెట్టింది.

డాక్టరు నొక్కినప్పుడు తనకి ప్రాణం పోతున్నా కూడా, ఎదురుగా గోడ అద్దంలో ఆయన బొటనవేలి గోరు తెల్లబడటం చూసిందట. అలాంటి మనిషి. కొట్లో పార్సిళ్ళు తూచే త్రాసు ఒకటి ఉంది. దానిమీద బొటనవేలు పెట్టి గోరు తెల్లబడేదాకా నొక్కి నన్ను ముల్లు చూడమంది. దగ్గర దగ్గర నాలుగు కిలోలు. మళ్ళీ నొక్కింది. మూడున్నర. మళ్ళీ. నాలుగు. రెండురోజులపాటు పనిలేనప్పుడల్లా కళ్ళు మూసుకుని త్రాసుని నొక్కడమే పని. మూడోరోజుకి చూడకుండా నాలుగు కిలోలు నొక్కగలిగేది. ఆ వేలికి కూడా నొప్పి పుట్టి, పసుపు రాసి గుడ్డ చుట్టుకుని తిరిగింది. అయినా మూడేళ్ళలో మొదటిసారి ఆమె కళ్ళలో చిలిపితనం చూశాను.

తర్వాత కొట్టుకి వచ్చిన వాళ్ళందర్నీ నొక్కడం మొదలుపెట్టింది.

దొంగతనంగా కాదు. కొలత కాస్త గట్టిగా తీస్తాను, నొప్పి అనిపిస్తే చెప్పండి అని ముందే అనేది. దర్జీ అలా అంటే కాదనేవాళ్ళెవరు? చొక్కాకి వచ్చినవాళ్ళకి మెడ వెనక, భుజం పైన, మోచేయి పక్కన. ప్యాంటుకి వచ్చినవాళ్ళకి తుంటి, మోకాలి లోపలివైపు. టేపు పెట్టిన చోటల్లా బొటనవేలు నాలుగు కిలోలు ఆనేది. "బిగుతుగా ఉందా?" అని అడిగేది. అద్దంలో వాళ్ళ మొహం చూడటం నా పని. ఏమీ లేకపోతే చుక్క, మొహం చిట్లిస్తే అడ్డగీత, అబ్బా అంటే నిలువుగీత. కొలతల పుస్తకంలో ఛాతీ, నడుము, చేతి పొడుగుల పక్కనే ఈ కొత్త గడి.

చుక్కలే చుక్కలు. బ్యాంకు గార్డుకి నొప్పి లేదు సరికదా, చక్కిలిగింత. అంత మీసాలాయన మోచేయి ముట్టుకోగానే మెలికలు తిరుగుతూ నవ్వాడు. జిమ్ము మాస్టారు భుజం నొక్కితే అబ్బా అన్నాడు. తీరా కనుక్కుంటే ముందురోజు బరువెత్తుతుంటే అక్కడ పట్టిందట. మిగతా చోట్లన్నీ చుక్కలే. స్కూలు హెడ్మిస్ట్రెస్సుగారైతే భుజం నొక్కగానే కళ్ళు మూసుకుని, ఇంకాస్త ఎడమకి అన్నారు. మూడురోజుల తర్వాత కోటు భుజం సరిగ్గా రాలేదనిపిస్తోంది, మళ్ళీ కొలవండి అంటూ వచ్చారు. ఆ కోటు ఇంకా కత్తిరించనే లేదు. వదిన నవ్వు ఆపుకుని మళ్ళీ కొలిచింది. ఆవిడ చెప్పగా ఆ స్కూలు టీచర్లు నలుగురు వచ్చారు. కొత్తరకం కొలత, ఒంటికి అతికినట్టు కుదురుతుంది అని బస్టాపులో కూడా పాకింది. మా గిరాకీ పెరిగింది. గిరాకీతో పాటు వదినకి ఒళ్ళు నొప్పులు కూడా పెరిగాయి, కానీ అప్పుడు ఆమెకి ఒక పని ఉంది.

అన్నయ్యని భోజనం దగ్గర నొక్కింది. ముద్ద నోట్లో పెట్టుకుంటూ, ఏమైంది అన్నాడు. చుక్క. నన్ను అన్ని చోట్లా నొక్కింది. చుక్కలు. అమ్మని నొక్కలేకపోయింది. అమ్మ ఒంటిమీద ఎవర్నీ చెయ్యి వేయనివ్వదు. ఆమె బట్టలకి కొలతలుండవు, పాతది ముందు పెట్టుకుని కొత్తది కత్తిరించాలి. అదీ రెండంగుళాలు వదులుగా. మెడ దగ్గర లేబులుంటే ఊడదీసి ఇవ్వాలి. వదిన టేపు పట్టుకుని వెనకనుంచి వెళ్ళింది కానీ, నీ పిచ్చి జనం మీద చూపించుకో, నా జోలికి రాకు అని అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అలా డెబ్భైనాలుగు మంది అయ్యాక ఒకరోజు కిటికీలో నల్లబూట్లు ఆగాయి. ఆ బూట్లు చూడగానే వదిన చేతిలో సుద్ద కింద పెట్టింది. నార్మల్‌గారు. రెండు తెల్లకోట్లు కుట్టించుకోవాలని వచ్చాడు. ఇక్కడ కొలత బాగా తీస్తారని విన్నానమ్మా అన్నాడు.

నేను వెంటనే ఇస్త్రీ పెట్టె స్విచ్ తీసేసి పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. నవ్వితే తంతానన్నట్టు వదిన నావైపు చూసింది.

మెడ వెనక నొక్కింది. బిగుతుగా ఉందా అంది. లేదమ్మా అన్నాడు. భుజం. లేదు. మోచేయి. లేదు. కోటుకి అక్కర్లేకపోయినా మోకాలిదాకా వెళ్ళింది. ఆయన పాపం, కోటు మోకాళ్ళదాకా వస్తుందేమో అనుకుని నిలబడ్డాడు. అంతా అయ్యాక వదిన టేపు మెడలో వేసుకుని మెల్లిగా అడిగింది.

"సార్, నొప్పెట్టలేదా?"

"ఎందుకు నొప్పెడుతుంది?"

"నాలుగు కిలోలు నొక్కానండి. మీరు నన్ను నొక్కినంతే."

ఆయనకి ముందు అర్థం కాలేదు. నేను పుస్తకం తీసి చూపించాను. వదిన త్రాసు చూపించింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కొక్క పేజీ తిప్పాడు. చుక్కల మధ్యన అక్కడక్కడా గీతలు, గీతల పక్కన కారణం: నిన్న బరువెత్తాడు, చెయ్యి కాలింది, సైకిలు మీంచి పడ్డాడు. చివరి పేజీలో వదిన తన కొలతలు తానే రాసుకుంది. ఆ గడిలో చోటు చాలక నిలువుగీతలు పక్క గడిలోకి పోయాయి.

కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇది శాస్త్రం కాదమ్మా, ఇలా నొక్కి తేల్చకూడదు అన్నాడు. మళ్ళీ పేజీ తిప్పాడు. డెబ్భైనాలుగు మందా అన్నాడు. మీతో డెబ్భైఐదండి అంది వదిన. ఆయన పుస్తకం మూసి, మాట తొందరపడి అన్నాను, తప్పు నాదే అన్నాడు. పెద్ద ఆస్పత్రిలో కీళ్ళు, కండరాల జబ్బులు చూసే డాక్టరమ్మ ఉందని, ఆమెకి ఉత్తరం రాసిస్తానని చెప్పి అక్కడే మా బల్లమీద, సుద్ద గీతల మధ్య కాగితం పెట్టుకుని రాశాడు. వెళుతూ వెళుతూ ఈ పుస్తకం ఒక్కరోజు ఇస్తారా అని అడిగాడు. కుదరదండి, అందులో అందరి నడుం కొలతలూ ఉన్నాయి, బయటికి పోతే మా కొట్టు మూసుకోవాల్సిందే అంది వదిన.

డాక్టరమ్మ అపాయింట్‌మెంట్ మూడువారాల తర్వాత దొరికింది. ఆ రోజు అన్నయ్య ఏదో పదకొండో అంతస్తులో ఉండిపోవడంతో వదినా నేనూ బయల్దేరాం. చెప్పులేసుకుంటుంటే అమ్మ కూడా సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఎందుకమ్మా నువ్వు అంటే, ఏం చెబుతుందో నేనూ వింటాను, నువ్వు సగం మింగి సగం చెబుతావు అంది. మూడేళ్ళుగా వదినతో పాటు ఒక్క ఆస్పత్రికీ రాని మనిషి. తిట్టడానికే వస్తోందని వదిన అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

డాక్టరమ్మ పొట్టిగా, చురుగ్గా ఉంది. రిపోర్టుల కట్ట మొత్తం చదివింది. వేళ్ళ కణుపులు, మోకాళ్ళు వంచి చూసింది. తర్వాత మనిషి బొమ్మ గీసిన కాగితం ఒకటి ఇచ్చి, ఎక్కడెక్కడ నొప్పో పెన్సిలుతో రుద్దమంది. వదిన కాగితం చూసి, ఈ బొమ్మకి భుజాలు కొలత తప్పాయండి, ఎడమది కిందికి ఉంది అంది. డాక్టరమ్మ నవ్వి, ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు అంది. వదిన శ్రద్ధగా గుడ్డమీద గుర్తులు పెట్టినట్టే రుద్దుకుంటూ వెళ్ళింది. అమ్మ పక్కనుంచి మెడ చాచి చూస్తోంది.

"అరికాళ్ళు మర్చిపోయావు," అంది అమ్మ.

వదిన ఉలిక్కిపడి అరికాళ్ళు రుద్దింది.

"దవడలు?"

"నాకు దవడల్లో లేదు అత్తయ్యా."

అమ్మ తన దవడ తడుముకుంది. డాక్టరమ్మ అమ్మవైపు ఒకసారి చూసి, మళ్ళీ వదినవైపు తిరిగి, నిద్ర ఎలా ఉంటుంది, పొద్దున్న లేచేసరికి ఎలా ఉంటుంది అని అడిగింది. వదిన బకెట్టు సంగతి చెప్పబోతోంది. ఈలోపు అమ్మ అందుకుంది.

"ఎలా ఉంటుందమ్మా, రాత్రంతా ఎవరో రోకలితో దంచినట్టుంటుంది. లేచి గోడ పట్టుకుని ఒక గంట తిరిగితే గానీ ఒళ్ళు స్వాధీనంలోకి రాదు. ఎవరికైనా అంతే కదా, దీనికోసం ఇంత దూరం..."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"ఎవరికైనా అలా ఉండదమ్మా."

"ఉండదా?"

"ఉండదు. చాలామంది నిద్ర లేస్తే హాయిగానే లేస్తారు."

అమ్మకి నమ్మకం కుదరలేదు. నావైపు తిరిగింది. "నీకు?"

నాకేం ఉండదమ్మా, లేచి పళ్ళు తోముకుంటాను అన్నాను. ఆ మాట అంటుంటే ఎందుకో సిగ్గేసింది. అమ్మ నన్ను కొత్తగా చూస్తున్నట్టు చూసింది. తర్వాత ఒళ్ళో సంచీ సర్దుకుంది, కొంగుతో అక్కర్లేకపోయినా మొహం తుడుచుకుంది.

"మీ అన్నయ్య పుట్టినప్పట్నుంచీ ఇంతే నాకు," అంది. "అందరికీ ఇలాగే ఉంటుంది, ఎవరూ బయటికి చెప్పుకోరు, నేనూ చెప్పుకోకూడదు అనుకున్నాను. ఈ పిల్ల చెబుతుంటే ఒళ్ళు మండేది. అందరం మోస్తున్నదే కదా, ఈమె ఒక్కతే ఎందుకు అరుస్తుంది అని."

వదిన చేతిలో పెన్సిలు అలాగే ఉంది. ముప్పైనాలుగేళ్ళు, అని లెక్కవేసుకున్నాను నేను. అన్నయ్య వయసు. వదిన మెల్లిగా చెయ్యి చాచి అమ్మ మోచేతిమీద వేసింది. నొక్కలేదు, ఊరికే ఆనించింది. అమ్మ చెయ్యి లాక్కోలేదు.

డాక్టరమ్మే మళ్ళీ మాట కలిపింది. ఇద్దర్లో పేషెంటు ఎవరో ముందు తేల్చండి అంది నవ్వుతూ. అమ్మ వయసుకి వేరే పరీక్షలు చేయాలని, ఆమెని విడిగా రమ్మని చెప్పింది. వదినకి మాత్రం ఆ రోజే పేరు చెప్పింది. ఫైబ్రోమయాల్జియా. వదిన ఇంకోసారి చెప్పించుకుంది. అక్షరం అక్షరం అడిగి సంచీలోంచి కొలతల పుస్తకం తీసి రాసుకుంది. రక్తంలో దొరకదట, స్కానింగులో కనపడదట. అందుకే అన్నీ నార్మల్. కండరాలు చెడిపోలేదు, నొప్పి కబురు మోసే నరాలు, దాన్ని వినే మెదడు ఎక్కువ గొంతుతో మాట్లాడుకుంటున్నాయి, చిన్న తాకిడి కూడా వాటికి పెద్ద కేకలా వినిపిస్తుంది అని చెప్పింది. మతిమరుపు, అలసట కూడా దాని మనుషులేనట. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను, తగ్గించుకుంటూ బతకొచ్చు అంది. త్రాసు సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. ఇప్పుడు నొక్కి చూడటం మీద అంతగా ఆధారపడటం లేదు, అడిగి వినడమే ముఖ్యం అని, అయినా ఆ బొటనవేలిని మా విద్యార్థులకి అప్పిస్తారా అంది.

బయటికి వచ్చి ఆస్పత్రి మెట్లమీద వదిన కూర్చుండిపోయింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వుతోంది. ఏడుస్తూ కూడా ఉంది అనుకుంటా, రెండూ కలిసిపోయాయి. అన్నయ్యకి ఫోన్ చేసి, నాకు జబ్బుందండీ అని పెళ్ళి కుదిరినట్టు చెప్పింది. అవతల అన్నయ్య కంగారుపడి లిఫ్టు ఆపేశాడట.

ఇంటికొచ్చాక వాడికి అర్థమయ్యేలా చెప్పడానికి ఒక పూట పట్టింది. చివరికి వాడే చెప్పాడు, లిఫ్టు బాగానే ఉండి అలారం మోగుతుండటం లాంటిదన్నమాట అని. వెంటనే, మరి అలారం మోగుతున్నది నిజమే కదా, చెవులు పగిలేది నిజమే కదా అని తనే అన్నాడు. వదిన వాణ్ణి చూసిన చూపు నేను మర్చిపోను. ఆ వెంటనే వాడు అత్తనుంచి కోడలికి అంటుకుంటుందా అని కూడా అడిగాడు. దాంతో ఆ చూపు కాస్తా పోయింది.

నెలరోజుల్లో అమ్మకి కూడా అదే పేరు వచ్చింది. అదీ, మోకాళ్ళ అరుగుదల కొంతా. అది అంటుకునేది కాదని, చాలామందిలో ఉంటుందని, ఒకే ఇంట్లో ఇద్దరికి ఉండటం వింతేం కాదని డాక్టరమ్మ చెప్పింది. అయినా అమ్మ కడుపున పుట్టిన ఆడపిల్లని నేనే కాబట్టి భయం నాకు పట్టుకుంది. వదిన నన్ను మళ్ళీ అన్ని చోట్లా నొక్కి, చుక్కలే, పోయి కాజాలు కుట్టు అంది.

పడుకునేముందు ఇద్దరికీ చెరో చిన్న మాత్ర. రోజూ నడక, మొదట పది నిమిషాలు, వారానికి కొంచెం పెంచుతూ. ఒంట్లో బాగున్నరోజు నాలుగురోజుల పని ఒక్కసారే నెత్తినేసుకోకూడదు. ఇది వదినకి అన్నిటికంటే కష్టమైంది. కత్తిరింపుకి బల్ల ఎత్తు పెంచాం, అరగంటకోసారి లేచి తిరగమని నేను ఇస్త్రీ పెట్టె దగ్గర్నుంచి కేకేస్తాను. అత్తాకోడళ్ళు పొద్దున్నే కలిసి నడవడం మొదలుపెట్టారు. కలిసి అంటే, అమ్మ రెండడుగులు ముందు. నువ్వు వయసులో ఉన్నదానివి, నాకంటే వెనకబడ్డావేం అని బస్టాపులో అందరి ముందూ అంటుంది. ఇష్టంలేని చుట్టాల ఇంటికి వెళ్ళాల్సి వస్తే మాత్రం అమ్మకి జబ్బు గుర్తొస్తుంది. పేరు సరిగా తిరగదు, పైబ్రో ఉందమ్మా నాకు, రాలేను అని ఫోన్ పెట్టేసి హాయిగా కాళ్ళు చాపుకుంటుంది.

డాక్టరమ్మ ఇద్దరికీ చెరొక చిన్న పుస్తకం ఇచ్చి, రోజూ నొప్పి ఎంతుందో సున్నానుంచి పదిలోపు అంకె వేయమంది. అక్కడ కొత్త తగువు మొదలైంది. వదిన పొద్దున్నే ఐదు అని వేస్తే అమ్మ ఆ పుస్తకం తెరిచి చూసి తనదాంట్లో ఆరు వేసేది. వదిన ఏడైతే అమ్మ ఎనిమిది. ముప్పైనాలుగేళ్ళు నోరు మూసుకున్న మనిషి ఇప్పుడు వడ్డీతో సహా చెప్పుకుంటోంది అని వదిన అంది. రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూసి, మీ నొప్పి మీ కోడలి నొప్పిని అడిగి వస్తోందా అమ్మా అంది. అమ్మ కిటికీలోంచి బయటికి చూసింది.

పోయిన నెలలో వదినకి బాగా పెరిగింది. మంచం దిగలేకపోయింది. పుస్తకంలో తొమ్మిది వేసి మళ్ళీ పడుకుంది. హోటల్ వాళ్ళ ఆర్డరు ఇవ్వాల్సిన రోజది. అన్నయ్య పనిలో ఉన్నాడు, నేను కొట్లో ఉన్నాను. అమ్మ వంట చేసింది, వదినకి వేడినీళ్ళ సంచీ మూడుసార్లు మార్చింది, కొట్లోకి దిగి వచ్చి నా పక్కన కూర్చుని నలభై చొక్కాలకి గుండీలు కుట్టింది. ఎలా ఉందమ్మా నీకు అంటే, నాకేం, బాగానే ఉంది అంది. ఆ రోజు ఆమె పుస్తకంలో అంకె రెండు.

మర్నాడు అమ్మ లేవలేదు. వదిన కొంచెం తేరుకుని, గోడ పట్టుకుని అమ్మ గదిలోకి వెళ్ళింది. నేను కాఫీ తీసుకుని వెళ్ళేసరికి అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది, వదిన మంచం అంచున కూర్చుని అమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని రబ్బరుతో ఏదో చెరుపుతోంది. ఏం చేస్తున్నావని అమ్మ అటు తిరిగే అడిగింది.

"మీ లెక్క సరిచేస్తున్నానండీ," అంది వదిన. ముందురోజు వేసిన రెండు చెరిపేసి పది వేసింది.

"తొమ్మిది చాలు," అంది అమ్మ. "పది వేస్తే ఆవిడ నన్ను ఆస్పత్రిలో పడుకోబెడుతుంది."

వదిన తొమ్మిది వేసి, పుస్తకం తలగడ కింద పెట్టి, కాళ్ళు పైకి తీసుకుని అమ్మ పక్కనే పడుకుంది. కాఫీ రెండు గ్లాసుల్లో పోయమని ఇద్దరూ ఒకేసారి నాకు చెప్పారు.